చందమామ వెనుక తెనాలి కలం

తెనాలి: బకాసురుణ్ని భీముడు ఎలా సంహరించాడో, లంకను హనుమంతుడు ఎలా దహించాడో తెలియని తెలుగువారు అరుదు. ఆ కథలను మొదటిసారి ఎక్కడ చదివారని అడిగితే యాభై ఏళ్లు దాటిన వారిలో చాలామంది ‘చందమామలో’ అని తడుముకోకుండా చెబుతారు. చందమామలో వాటిని రాసిందెవరని మరో ప్రశ్న వేస్తే మాత్రం జవాబు రాదు. అది వారి తప్పు కాదు. ఆ పేరు కథల కింద అచ్చు కాలేదు. రామాయణ భారతాలను, జాతక కథలను, కథాసరిత్సాగరాన్ని పిల్లలు సొంతంగా చదువుకోగల తెలుగులోకి తెచ్చిన ఆ చేయి, తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుది.

1952 జనవరి నుంచి 1980 ఆగస్టు 17న కన్నుమూసే వరకు, ఇరవై ఎనిమిదేళ్లకు పైగా ఆయన చందమామలోనే పనిచేశారు. పెద్దల సాహిత్యంలో ఆయన ‘కొ.కు.’గా సుప్రసిద్ధులు. మధ్యతరగతి కుటుంబాల డాంబికాన్ని, కట్నాల బేరాలను, చదువుల డొల్లతనాన్ని నిర్మొహమాటంగా బయటపెట్టిన కథకుడు, ‘చదువు’ నవలాకారుడు. హేతువాది, మార్క్సిస్టు. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో శ్రీశ్రీ, రావిశాస్త్రి వంటి వారి సరసన నిలిచినవారు. అటువంటి వ్యక్తి నెలనెలా దేవతలూ రాక్షసులూ శాపాలూ వరాలూ ఉన్న కథలను లక్షల ఇళ్లకు పంపారు. ఇందులో వైరుధ్యం ఉన్నదా, ఉంటే ఆయన దాన్ని ఎలా పరిష్కరించుకున్నారు అన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

తెనాలి నుంచి వడపళనికి

కుటుంబరావు 1909 అక్టోబర్ 28న తెనాలిలో జన్మించారు. ఐదేళ్ల వయసులోనే తండ్రిని కోల్పోయారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రంతో బి.ఏ. చదివి, ఎమ్మెస్సీ కోసం కాశీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆర్థికమాంద్యం రోజులవి. చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఉద్యోగాల కోసం అనేక ఊళ్లు తిరిగి చివరకు పత్రికా రంగంలో స్థిరపడ్డారు. పురాణాలను పిల్లలకు చెప్పినవాడు సంస్కృత పండితుడు కాదు, భౌతికశాస్త్ర విద్యార్థి అన్న సంగతి గుర్తుంచుకోదగినది. ఆయన వచనంలోని తూకానికి కారణం కొంత ఇక్కడే ఉందేమో.

ఆయన పెరిగిన తెనాలి వాతావరణమూ సామాన్యమైనది కాదు. పురాణాలను తలకిందులు చేసి ప్రశ్నించిన ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ రచయిత త్రిపురనేని రామస్వామి చౌదరి తన కార్యక్షేత్రంగా ఎంచుకున్న పట్టణమిది. ఆయన ‘సూతాశ్రమం’ ఇక్కడే ఉండేది. ఒకవైపు ఆలయాల్లో పురాణ కాలక్షేపాలు, నాటకాల్లో పద్యాలు. మరోవైపు అదే పురాణాన్ని నిలదీసే సభలు. పురాణాన్ని నమ్మేవారికీ, కాదనేవారికీ కూడా అది కంఠోపాఠంగా వచ్చిన ఊరు అప్పటి తెనాలి.

చందమామ వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి కూడా ఈ ప్రాంతం వారే. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, స్వస్థలం తెనాలి ఐతానగరం. క్షయవ్యాధికి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని, శరత్‌చంద్ర చటర్జీ నవలలను తెలుగువారికి అందించినవారు. కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన బి.నాగిరెడ్డితో కలిసి ఆయన 1947 జులైలో మద్రాసు నుంచి చందమామను తెలుగులోను, అంబులిమామ పేరిట తమిళంలోను ప్రారంభించారు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు మాట. ఈ జంటే తర్వాతి కాలంలో విజయా సంస్థ ద్వారా పాతాళభైరవి, మాయాబజార్ చిత్రాలను తీసింది. వడపళనిలోని చందమామ భవనంలోకి కుటుంబరావు అడుగుపెట్టేనాటికి పత్రిక వయసు నాలుగున్నరేళ్లు.

అంతకు ముందు పిల్లలకు ఏముండేది?

తెలుగులో పిల్లల కోసం పాత కథను తిరగచెప్పడం చందమామతో మొదలు కాలేదు. 1853లో పరవస్తు చిన్నయసూరి వెలువరించిన ‘నీతిచంద్రిక’ పంచతంత్ర కథలకు వచనరూపమే. మిత్రలాభం, మిత్రభేదం ఆయన రాయగా, విగ్రహం, సంధి భాగాలను కందుకూరి వీరేశలింగం పూరించారు. అయితే అది గ్రాంథికం. బడిలో గురువు దగ్గర కూర్చుని అర్థాలు రాసుకుని, కంఠస్థం చేసి అప్పగించవలసిన పుస్తకం. చిత్రగ్రీవుడి కథలో పావురాలు వలతో సహా ఎగిరిపోయిన ముచ్చట కన్నా, ఆ వాక్యంలోని సమాసాన్ని విడదీయలేక తిన్న బెత్తం దెబ్బలే చాలామందికి గుర్తుండిపోయాయి.

భారతమంటే కవిత్రయం. నన్నయ పదకొండో శతాబ్దం, తిక్కన పదమూడు, ఎఱ్ఱన పద్నాలుగు. అది పద్యం. పెద్దలు చదివి చెబితే పిల్లలు వినవలసిందే తప్ప, ఎనిమిదేళ్ల పిల్లవాడు తానే తెరిచి చదివే వీలు లేదు. గిడుగు రామమూర్తి జీవితకాలమంతా పోరాడిన తర్వాత కూడా పాఠ్యపుస్తకాల భాష అంత త్వరగా మారలేదు. 1945లో న్యాయపతి రాఘవరావు, అంటే ‘రేడియో అన్నయ్య’, ప్రారంభించిన ‘బాల’ పత్రిక ఈ లోటును కొంత తీర్చింది. చందమామ ఆ దారిని రాజమార్గం చేసింది. వ్యవహారంలో ఉన్న తెలుగు అచ్చులో హాయిగా, మర్యాదగా ఉండగలదని లక్షల మంది పిల్లలకు తెలియకుండానే తెలిసింది.

‘తిరిగి చెప్పడం’ ఎంత కష్టం?

ఉన్న కథనే మళ్లీ చెప్పడంలో గొప్పేముంది అని అనుకునేవారు ఒక్కసారి భారతాన్ని దగ్గర పెట్టుకుని కూర్చుంటే సంగతి బోధపడుతుంది. లక్ష శ్లోకాలని ప్రతీతి పొందిన గ్రంథమది. పదునెనిమిది పర్వాలు. అసలు కథ నేరుగా మొదలు కాదు. నైమిశారణ్యంలో సూతుడు శౌనకాది మునులకు చెబుతాడు. ఆ చెప్పేది, సర్పయాగ సమయంలో జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పింది. ఆ కథలో మళ్లీ ఒకరు ఇంకొకరికి నలోపాఖ్యానం చెబుతారు, సావిత్రి కథ చెబుతారు. అన్నిటికన్నా పొడవైన శాంతిపర్వం నిండా భీష్ముడి ఉపదేశమే. నెలకు కొద్ది పుటల్లో, అందులోనూ చిత్రాలు పోగా మిగిలిన జాగాలో, ఇదంతా పిల్లవాడికి తికమక లేకుండా చెప్పాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఏ కథను ఎక్కడ ఆపితే ముప్పై రోజుల పాటు పాఠకుడు ఎదురుచూస్తాడు అన్నది ప్రతి నెలా తేల్చుకోవలసిన లెక్క. అలా భారతం ఏళ్ల తరబడి సాగింది.

కుటుంబరావు చేతి గుర్తులు ఆ వచనంలో స్పష్టంగా కనిపిస్తాయి. వాక్యం చిన్నది. విశేషణాలు తక్కువ. వర్ణన కన్నా పనికే ప్రాధాన్యం. రాజు దయాళువు అని చెప్పి ఊరుకోకుండా, దయాళువైన రాజు ఏం చేశాడో చెబుతారు. ‘అహో’, ‘ఔరా’లు ఉండవు. కథ మధ్యలో ఆపి పిల్లలకు నీతి బోధించడం దాదాపు కనిపించదు. ఎవరు ఎందుకు ఆ పని చేశారో మాత్రం తప్పకుండా తెలుస్తుంది. దుర్యోధనుడి అసూయ అయినా, కైక పట్టుదల అయినా, ‘దుష్టులు కనుక అలా చేశారు’ అని తేల్చివేయకుండా, ఆ మనిషికి ఆ క్షణంలో ఏమనిపించిందో ఒకటి రెండు మాటల్లో తెలిసేలా చెప్పడం ఆ కథనం తీరు. పెద్దల కథల్లో మనుషుల లోపలి లెక్కలను పట్టుకున్న నేర్పే ఇక్కడా పనిచేసింది.

మరో విషయం. పాఠకులు పంపే కథలు కూడా చందమామలో వచ్చేవి. వాటి కింద పంపినవారి పేరు ఉండేది. కానీ అచ్చయ్యే వచనం మాత్రం చందమామ తీరులోకి మారిన తర్వాతే వెలువడేది. ఏ ఊరి వారు రాసిన కథ అయినా ఒకే గొంతులో వినిపించడానికి కారణం ఇదే. పత్రికలో రచనలను సరిదిద్దడమంటే అక్షరదోషాలు చూడడమని భావించేవారికి ఆ పాత సంచికలు మంచి పాఠం.

బేతాళుడికి చావు లేదు

ఈ పద్ధతికి గొప్ప ఉదాహరణ బేతాళ కథలు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో కూర్చిన కథాసరిత్సాగరంలో ఈ కథలు ఇరవై ఐదే. చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని రాజు నడవడం, శవంలోని బేతాళుడు కథ చెప్పి చిక్కు ప్రశ్న వేయడం, రాజు జవాబు చెప్పి మౌనం వీడగానే శవం మళ్లీ చెట్టెక్కడం. 1950ల మధ్యలో చందమామ వీటిని మొదలుపెట్టింది. ఇరవై ఐదు కథలతో శీర్షిక ముగియాలి. ముగియలేదు. పాఠకులు పంపిన కథల్లో అనువైనవాటిని ఎంచి, చివర ఒక ధర్మసందేహం వచ్చేలా మలచి, బేతాళుడి నోట పలికించారు. అలా దశాబ్దాల పాటు వందల కథలు వచ్చాయి.

చూడడానికి ఇది చిన్న ఉపాయం. కానీ దాని ఫలితం పెద్దది. నీతి కథలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, పిల్లవాడు తలూపవలసిందే. బేతాళ కథలో మొదట ప్రశ్న వస్తుంది. ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పది? తీర్పు న్యాయమైనదేనా? అని అడుగుతాడు. రాజు జవాబు చదివేలోగా పిల్లవాడు ఒక జవాబు అనుకుని ఉంటాడు. అది రాజు జవాబుతో కలవకపోతే అన్నదమ్ముల మధ్య వాదన మొదలయ్యేది. తర్కాన్ని నమ్మిన రచయితకు ఇంతకన్నా అనువైన చట్రం దొరకదు. శవం మాట్లాడడం అసంభవమే. ఆ శవం అడిగే ప్రశ్న మాత్రం పూర్తిగా ఈ లోకానిది.

నమ్మకం వేరు, కథ వేరు

మొదటి ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. త్రిపురనేని పురాణాన్ని ఖండించారు. హరికథకులు దాన్ని కీర్తించారు. కుటుంబరావు ఈ రెండూ చేయలేదు. చెప్పారు, అంతే. పుష్పక విమానం ఎగిరితే ఎగిరిందనే రాశారు. అది నిజమని ఒట్టు వేయలేదు, అబద్ధమని పక్కన గీత గీయలేదు. భక్తి గల ఇంట్లో అమ్మమ్మ దాన్ని పుణ్యకథగా చదివి వినిపించగలిగింది. నాస్తికుడి ఇంట్లోనూ పిల్లవాడు అదే సంచికను అద్భుత కథగా చదువుకున్నాడు. ఎవరికీ అభ్యంతరం కలగలేదు. రాక్షసుడు కథలో ఉంటాడు, వీధిలో ఉండడు అన్న సంగతి పిల్లలకు పెద్దలు అనుకునే దాని కన్నా బాగా తెలుసునన్న నమ్మకం ఆ రాతలో కనిపిస్తుంది.

ఆయన కథల సేకరణ ఈ దేశానికే పరిమితం కాకపోవడం ఇందుకు మరో సాక్ష్యం. గ్రీకు మహాకవి హోమర్ ‘ఒడిస్సీ’ చందమామలో ‘రూపధరుడి యాత్రలు’గా, ‘ఇలియడ్’ కథ ‘భువనసుందరి’గా ధారావాహికలుగా వెలువడ్డాయి. ఒడిస్సియస్ అన్న పేరు తెలుగు పిల్లవాడి నాలుకకు తిరగదు. రూపధరుడు అనగానే అతడు ఏ మగధ రాజ్యం వాడో అన్నంత దగ్గరవాడవుతాడు. ట్రాయ్ యుద్ధం గురించి కాలేజీలో ఇంగ్లీషు పాఠంగా విన్నప్పుడు, ‘ఇది మన భువనసుందరి కథే కదా’ అని ఆశ్చర్యపోయినవారు ఆ తరంలో ఎందరో. రామాయణం పక్కనే అరేబియా కథ, దాని పక్కనే బౌద్ధ జాతకం, ఆ పక్కన గ్రీకు కథ. ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు అన్నట్టు ఒకే అట్ట లోపల ఉండేవి. మత సామరస్యం మీద వ్యాసం రాయకుండానే పత్రిక చేసిన పని ఇది.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఈ తటస్థతకు వెల ఉన్నది. పెద్దల కథల్లో స్త్రీల పరాధీనత మీద, కులం మీద అంత తీవ్రంగా రాసిన కలం, పురాణ కథలోని అన్యాయాల దగ్గర చాలాసార్లు కథను అనుసరించి ముందుకు సాగిపోయింది. ఏకలవ్యుడి బొటనవేలు తెగింది, కథ నడిచింది. ప్రశ్నించడాన్ని చదివేవాడి మనసుకే వదిలేశారని సమర్థించవచ్చు. ఆ అవకాశాన్ని ఇంకాస్త వాడుకోవలసిందని అనేవారి వాదనలోనూ బలం లేకపోలేదు.

బొమ్మ కింద సంతకం, కథ కింద ఖాళీ

చందమామ ఒక్కరి సృష్టి కాదు. కుటుంబరావు సహచరుడు దాసరి సుబ్రహ్మణ్యం కూడా తెనాలి సమీపంలోని పెదగాదెలవర్రుకు చెందినవారే. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి జానపద ధారావాహికలు ఆయన కల్పన. 2010 జనవరిలో ఆయన మరణించేనాటికి కూడా ఆయన పేరు తెలిసినవారు కొద్దిమందే. చిత్రకారుల్లో ఎం.టి.వి.ఆచార్య, చిత్రా, శ్రీకాకుళానికి చెందిన వడ్డాది పాపయ్య, శంకర్ ముఖ్యులు. కత్తి చేతబట్టి శవాన్ని మోసే విక్రమార్కుడి చిత్రంతో చిరస్మరణీయుడైన శంకర్ 2020 సెప్టెంబర్‌లో మరణించగా, 2021లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు.

బొమ్మ మూలన చిత్రా, శంకర్, వపా సంతకాలు ఉండేవి. పిల్లలు వాటిని వెతికి మరీ గుర్తుపట్టేవారు. సంపాదకునిగా చక్రపాణి పేరు ఉండేది. పురాణ ధారావాహికల కింద మాత్రం ఏ పేరూ ఉండేది కాదు. ఆ కథలు వ్యాసుడివి, వాల్మీకివి, సోమదేవుడివి కనుక మధ్యలో మన పేరెందుకన్న భావన కావచ్చు, సంస్థ పద్ధతి కావచ్చు. కారణం ఏదైనా, నష్టం తెలుగు బాలసాహిత్య చరిత్రకు. తెలుగు మూలాన్ని అనుసరించి ఇతర భాషల చందమామలు తయారయ్యేవి. మరాఠీలో, ఒరియాలో, కన్నడంలో చదివిన పిల్లలకూ చేరింది ఆ తెనాలి మనిషి చెప్పిన వరుసే. ఆ సంగతి అక్కడి వారికి తెలియదు. ఇక్కడా ఎక్కువ మందికి తెలియదు.

సరళమైన తెలుగు మీది ఆ మమకారం ఇంట్లోనూ కొనసాగింది. కుమారుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్తగా పనిచేస్తూనే, కష్టమైన విజ్ఞానశాస్త్ర విషయాలను తేలిక తెలుగులో రాసి పేరు పొందారు. చందమామ రోజుల గురించీ, తండ్రి పని తీరు గురించీ నేటి తరానికి తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన రాసిపెట్టిన జ్ఞాపకాల చలవే. 2012లో ఆయన మరణించారు. కుమార్తె ఆర్.శాంతసుందరి హిందీ తెలుగు భాషల మధ్య అనువాదకురాలిగా ప్రసిద్ధురాలై, ‘ఇంట్లో ప్రేమ్‌చంద్’కు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. ఆమె 2020లో కన్నుమూశారు.

ఇప్పుడేం మిగిలింది?

చందమామ 1998లో కొంతకాలం ఆగి, మరుసటి ఏడాది తిరిగి మొదలైంది. 2007లో ముంబైకి చెందిన సంస్థ చేతికి వెళ్లింది. 2013 నాటికి అచ్చు పూర్తిగా నిలిచిపోయింది. కుటుంబరావు కథలు, నవలలు, వ్యాసాలు కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో సంపుటాలుగా వెలువడ్డాయి కనుక పెద్దల కొ.కు. భద్రంగా ఉన్నారు. పిల్లల కొ.కు. మాత్రం పాత సంచికల్లోనే ఉన్నారు. ఇళ్లలో ఏడాదికొక కట్టగా కుట్టించి దాచుకున్నవారు, వాటిని పుట పుటా స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన అభిమానులు లేకపోతే ఆ మాత్రం కూడా దక్కేది కాదు.

ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్న పిల్లలకు నేడు పురాణం తెర మీద కార్టూన్‌గా పరిచయమవుతోంది. హనుమంతుడు వారికి తెలుసు. తెలుగు వాక్యం ఒకటి మొదలుపెట్టి తుదిదాకా తడబడకుండా చదవడమే కష్టమవుతోంది. అటువంటి పిల్లలకు పాత చందమామ ఒకటి ఇచ్చి చూసిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గమనించేది ఒకటే. మొదటి పేరా దగ్గర కూడబలుక్కుంటారు. రెండో పుటకు వచ్చేసరికి వేలు పెట్టి చదవడం మానేస్తారు. తర్వాత ఏమైందన్న ఆత్రం భాషను వెనకనుంచి నెడుతుంది.

ఆ పాత సంచికల్లో మహాభారతం మొదలయ్యే పుట తీస్తే, పైన కథ పేరు, పక్కన బొమ్మ, బొమ్మ మూలన చిత్రకారుడి సంతకం కనిపిస్తాయి. రచయిత పేరు ఉండవలసిన చోట ఏమీ ఉండదు.